సభ గోడ మీదికి ఎక్కిన హింస, ఎక్కని హింస

1795 మే 20. పారిస్‌లో రొట్టె దొరకడం గగనమైపోయిన రోజులవి. ఆ ఏడు చలి మామూలుగా లేదు. ధరల మీద ఉన్న అదుపును ప్రభుత్వం అంతకుముందు డిసెంబర్‌లోనే ఎత్తేసింది. కాగితం డబ్బు విలువ రోజురోజుకీ పడిపోతోంది. ఆ రోజు కూలీల పేటల నుంచి బయల్దేరిన జనం ఫ్రెంచి విప్లవ కాలపు చట్టసభ అయిన జాతీయ కన్వెన్షన్‌లోకి చొరబడ్డారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. టోపీల మీద “రొట్టె, 1793 రాజ్యాంగం” అని రాసుకుని వచ్చారు. ఆమోదం పొందినా అమలుకు రాని రాజ్యాంగం అది. అడ్డు వెళ్లిన ఫెరో అనే సభ్యుణ్ణి కాల్చి, బయటికి ఈడ్చుకెళ్లి తల నరికారు. ఆ తలను బల్లేనికి గుచ్చి మళ్లీ లోపలికి తెచ్చి, అధ్యక్ష స్థానంలో ఉన్న బ్వాసీ దాంగ్లా ముఖం ముందు పెట్టారు. ఆయన కుర్చీ దిగలేదు. చనిపోయిన సహచరుడి తలకు వందనం చేశాడు.

చట్టసభల చరిత్రలో ఇంతకు మించిన భయానక దృశ్యం అరుదు. చిత్రకారుడికి కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి: కిక్కిరిసిన హాలు, ఆయుధాలు, తెగిన తల, కదలని ఒక మనిషి. అయినా ఇది పెద్ద ఎత్తున కాన్వాస్ మీదికి రావడానికి 35 ఏళ్లు పట్టింది. వచ్చింది కూడా ఒక ప్రభుత్వం పనిగట్టుకుని అడిగితేనే.

1830 జులైలో పారిస్ జనం మళ్లీ వీధుల్లోకి వచ్చి పదో చార్ల్స్‌ని గద్దె దింపారు. ఆ తిరుగుబాటు ఫలితంగా లూయీ ఫిలిప్ రాజయ్యాడు. జనం వల్ల వచ్చిన అధికారం కాబట్టి జనానికి కృతజ్ఞత చెప్పాలి. అదే జనం రేపు తన మీదికి వస్తారేమోనన్న భయమూ ఉంది. ఆ సెప్టెంబర్‌లో, గిజో హోం మంత్రిగా ఉండగా, ప్రతినిధుల సభ హాలు కోసం మూడు పెద్ద చిత్రాలకు పోటీ ప్రకటించారు. మొదటిది, కొత్త రాజు రాజ్యాంగం మీద ప్రమాణం చేయడం. రెండోది, 1789లో సభను ఖాళీ చేయమన్న రాజు దూతను మిరాబో అనే సభ్యుడు ఎదిరించడం. మూడోది, గుంపు ముందు బ్వాసీ దాంగ్లా చలించకుండా కూర్చోవడం. రాజు బెదిరించినా లొంగని సభ ఒక పక్క, జనం బెదిరించినా లొంగని సభ ఇంకో పక్క, మధ్యలో కొత్త రాజు. ఈ మూడు బొమ్మల అమరికలోనే ఆ ప్రభుత్వం చెప్పుకోదలచిన మాటంతా ఉంది.

పోటీలో చిత్రకారుడు దెలక్రవా కూడా పాల్గొన్నాడు. ఆయన బ్వాసీ దాంగ్లా చిత్రం ఇప్పుడు బోర్డో మ్యూజియంలో ఉంది. దాన్ని దగ్గర నుంచి చూస్తే మొదట మనుషులు కనిపించరు, ఒక కదలిక కనిపిస్తుంది. చీకటి హాల్లో జనం వరద నీరులా ఎగసి వేదిక వైపు పోటెత్తుతుంటారు. ముఖాలు సగం గీతలు, సగం మరకలు. పై నుంచి ఏటవాలుగా పడే వెలుగులో దుమ్ము, పొగ. అధ్యక్షుడు ఎక్కడున్నాడో కాసేపు వెతుక్కోవాలి. కథానాయకుడు ఆయనే అయినా కుంచె మాత్రం గుంపుతోనే ఉండిపోయింది. ఇదే చిత్రకారుడు ఆ నెలల్లోనే బారికేడ్ మీద జెండా పట్టుకుని జనాన్ని నడిపించే స్వేచ్ఛాదేవిని గీశాడు. గుంపు ఆయనకు రెండు రకాలుగానూ కనిపించింది, రెండింటినీ దాచుకోలేదు. పోటీలో మాత్రం గెలవలేదు. బహుమతి విన్‌షోన్ అనే చిత్రకారుడికి దక్కింది.

ఇక్కడి వరకు కథ చాలామందికి తెలిసినదే. బొమ్మలోకి రానిదాన్ని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బ్వాసీ దాంగ్లా ఆ రోజు దారినపోతూ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషేమీ కాదు. పారిస్‌కు తిండిగింజల సరఫరా బాధ్యత ఆయన మీదే ఉండేది. జనం ఆయనకు పెట్టిన పేరు “కరువు బ్వాసీ”. ఆ ఆడవాళ్లు ఆ కుర్చీ దాకా ఎందుకు వచ్చారో ఈ ఒక్క పేరు చెబుతుంది. ఆ రాత్రి సైన్యం హాలు ఖాళీ చేయించింది. ఆ తర్వాత సభ తన పని మొదలుపెట్టింది. కూలీలుండే సాంత్ ఆంత్వాన్ పేటను సైన్యంతో చుట్టుముట్టి నిరాయుధం చేశారు. వీధిలో ఐదుగురికి మించి ఆడవాళ్లు గుమికూడితే అరెస్టు చేయాలని ఆజ్ఞ ఇచ్చారు. సైనిక కమిషన్ వేసి 30 మందికి పైగా మరణశిక్ష వేశారు. వాళ్లలో ఆరుగురు ఆ సభలోని సభ్యులే. ఆ సాయంత్రం జనం కోరికలను తీర్మానాలుగా ప్రవేశపెట్టడం, సమర్థించడం వాళ్ల నేరం. జూన్ 17న శిక్ష వినగానే ఆ ఆరుగురూ దాచి తెచ్చుకున్న కత్తితో పొడుచుకున్నారు. ముగ్గురు అక్కడే చనిపోయారు. మిగతా ముగ్గురిని రక్తం కారుతుండగానే తల నరికే యంత్రం గిలటిన్ దగ్గరికి తీసుకెళ్లారు. చనిపోయినవాళ్లలో ఒకడు గిల్బర్ట్ రోమ్. విప్లవ ఫ్రాన్స్ అప్పుడు వాడుతున్న కొత్త పంచాంగాన్ని తయారు చేసిన ముఖ్యుడు ఆయనే. ఆయన మరణశిక్ష కాగితం మీద వేసిన తేదీ కూడా ఆయన లెక్క ప్రకారమే.

ఈ ఆరుగురి చావు 1830 నాటి పోటీ అంశాల్లో లేదు. ఉండే అవకాశమూ లేదు. అది పెద్ద చిత్రంగా రావడానికి ఫ్రాన్స్‌లో 1870లో రాజరికం పోయి వచ్చిన మూడో రిపబ్లిక్ స్థిరపడాల్సి వచ్చింది. 1882లో షార్ల్ రోనో ఆ సభ్యులు కత్తి అందుకుంటున్న ఘట్టాన్ని గీశాడు. దానిలో సభ బాధితురాలు కాదు, శిక్ష వేసింది. ఒకే సంఘటనకు రెండు చివర్ల నుంచి రెండు చిత్రాలు వచ్చాయి. రెండూ అబద్ధాలు కావు. కానీ పాఠ్యపుస్తకాల్లోకి, పోస్టు కార్డుల మీదికి ఎక్కువగా వెళ్లింది తల గుచ్చిన బల్లెమే.

ఇది ఒక్క ఫ్రాన్స్ సంగతి కాదు. తాను గాయపడిన ఘట్టాన్ని చట్టసభ గర్వంగా గోడకు తగిలించుకుంటుంది. తన ఓటుతో, తన చట్టంతో, తాను కళ్లు మూసుకోవడంతో ఇతరులకు తగిలిన గాయం ఆ గోడ మీదికి రావడం చాలా కష్టం. రాజకీయ హింసను చూపించే కళను చూసేటప్పుడు బొమ్మ ఎంత బాగుందన్న దానితో పాటు ఈ తేడాను కూడా పట్టించుకోవాలి.

దీనికి అతి దగ్గరి సాక్ష్యం దవీద్. ఆయన చిత్రకారుడే కాదు, అదే కన్వెన్షన్‌లో సభ్యుడు, రాజు పదహారో లూయీకి మరణశిక్ష వేయాలని ఓటు వేసినవాడు, అరెస్టు వారెంట్ల మీద సంతకాలు పెట్టిన భద్రతా కమిటీలో సభ్యుడు. 1793 జనవరి 20న లెపెలెతియే అనే సభ్యుణ్ణి, రాజు మరణానికి ఓటు వేశాడన్న కోపంతో, రాజు మాజీ అంగరక్షకుడొకడు హోటల్లో పొడిచి చంపాడు. దవీద్ ఆ శవాన్ని గీశాడు. మీద వేలాడే కత్తి, ఆ కత్తికి గుచ్చుకున్న కాగితం, దాని మీద “నియంత మరణానికి నా ఓటు” అన్న మాట. జులై 13న షార్లొత్ కోర్డే మరో సభ్యుడు మరాను స్నానపు తొట్టిలో ఉండగా చంపింది. దవీద్ దాన్నీ గీశాడు. ఈ రెండు చిత్రాలనూ సభా మందిరంలోనే వేలాడదీశారు.

మరా చిత్రాన్ని కాస్త నిదానంగా చూడాలి. పై సగమంతా ఖాళీ గోడ. కింద తొట్టి మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ఒరిగిన శరీరం, పక్కకు వాలిన తల. ఎడమ చేతిలో కోర్డే రాసిన ఉత్తరం. కుడి చేయి నేలకు జారినా కలం వదలలేదు. నేల మీద కత్తి. పక్కనున్న చెక్కపెట్టె మీద ఒక కాగితం నోటు, ఐదుగురు పిల్లలున్న తల్లికి ఆ డబ్బు ఇవ్వమంటూ రాసిన చీటీ. పెట్టె ముందు భాగం మీద “మరాకు, దవీద్” అన్న మాటలు. హంతకురాలు చిత్రంలో ఎక్కడా లేదు. గాయం చిన్నది, రక్తం తక్కువ. తన పత్రికలో వందల తలలు తెగాలని రాసిన మనిషి ఇక్కడ పేదరాలికి సాయం చేస్తూ ప్రాణం విడిచిన సాధువు. కళగా చూస్తే ఇది అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ ఇది వేలాడిన గోడ కింద కూర్చున్నవాళ్లు ఆ నెలల్లో ఎవరి తలలు తీయించే చట్టాలకు ఓటు వేస్తున్నారో మరిచిపోయి దీన్ని చూడకూడదు. చనిపోయిన ఇద్దరు సహచరులను రోజూ చూస్తూ చర్చించే సభలో మెత్తగా మాట్లాడటం ఎవరికైనా కష్టమే. ఆ బొమ్మలు జ్ఞాపకాలు మాత్రమే కాదు, చర్చలో ఒక పక్షం.

గాలి మారాక రెండూ కిందికి దిగాయి. 1795 ఫిబ్రవరిలో వాటిని తీయించేశారు. లెపెలెతియే చిత్రానికి ఇంకా పెద్ద దుర్గతి పట్టింది. ఆయన కూతురు పెద్దయ్యాక రాజుపక్షం వైపు వెళ్లింది. దవీద్ వారసుల నుంచి ఆ చిత్రాన్ని కొన్నది. ఆ తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. చిరిగిన ఒక ముద్రణ ప్రతి, ఒక శిష్యుడి డ్రాయింగు వల్లే అది ఎలా ఉండేదో తెలుస్తోంది. మరా హత్యనే 1860లో పాల్ బోద్రీ మళ్లీ గీశాడు. ఈసారి మరా మూలన కుదించుకుపోయి, కోర్డే గోడకు ఆనుకుని నిటారుగా, ఆమె వెనక ఫ్రాన్స్ పటం. మూడో నెపోలియన్ సామ్రాజ్యంలో విప్లవ సభ్యుడి కన్నా అతన్ని చంపిన యువతే దేశానికి దగ్గరి మనిషి.

లండన్‌లో ఇదే పని మరింత మర్యాదగా జరిగింది. 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనాలు కాలిపోయాయి. కొత్తగా కట్టినప్పుడు గోడల మీద ఏం గీయాలో నిర్ణయించడానికి ఆల్బర్ట్ యువరాజు అధ్యక్షతన కమిషన్ వేశారు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య 17వ శతాబ్దంలో జరిగిన అంతర్యుద్ధాన్ని వదిలేయలేరు, అలాగని పూర్తిగా చెప్పనూ లేరు. చార్ల్స్ వెస్ట్ కోప్ గీసిన కుడ్యచిత్రాల వరుస ఆ చిక్కుకు సమాధానం. అందులో బాగా తెలిసినది 1642 జనవరి 4 నాటి ఘట్టం. మొదటి చార్ల్స్ సాయుధులను వెంటబెట్టుకుని ఐదుగురు సభ్యులను అరెస్టు చేయడానికి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లోకి వచ్చాడు. స్పీకర్ లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని, ఈ చోట సభ చూపించమన్నదే చూడటానికి తప్ప తనకు కళ్లు లేవని, పలకమన్నదే పలకడానికి తప్ప నాలుక లేదని బదులిచ్చాడు. ఆ ఐదుగురూ అప్పటికే తప్పించుకున్నారు. నేటికీ సమావేశాలు మొదలయ్యే రోజు రాజు దూత ముఖం మీద కామన్స్ తలుపు మూస్తారు. ఆ ఆచారం వెనక ఈ జ్ఞాపకమే ఉంది.

అదే వరుసలో రాజు పక్షం వాళ్ల వీరత్వం ఉంది, పార్లమెంటు పక్షం వాళ్ల వీరత్వం ఉంది, తూకం వేసినట్టు పక్కపక్కనే. 1649 జనవరి 30న చార్ల్స్ తల నరికిన ఘట్టం మాత్రం ఆ వరుసలో లేదు. ఆయన్ను పాతిపెట్టిన ఘట్టం ఉంది. రాజును విచారించిన న్యాయస్థానాన్ని నియమించింది కామన్స్ సభే. అదీ మామూలు సభ కాదు. అంతకుముందు డిసెంబర్‌లో కర్నల్ ప్రైడ్ సైనికులు తలుపు దగ్గర నిలబడి ఇష్టంలేని సభ్యులను ఏరివేయగా మిగిలిన సభ. రాజు సైనికులతో వచ్చిన రోజును గోడకెక్కించారు. తన సైన్యమే తలుపు దగ్గర నిలబడిన రోజు, ఆ సభ చేయించిన వధ, రెండింటినీ వదిలి శవపేటిక దగ్గర మళ్లీ కథ అందుకున్నారు. విషాదానికి చోటిచ్చారు, బాధ్యతకు ఇవ్వలేదు.

1653 ఏప్రిల్ 20న మిగిలిన ఆ సభను కూడా పార్లమెంటు పక్షం సేనాని క్రామ్‌వెల్ సైనికులతో వెళ్లగొట్టాడు. అధికార దండాన్ని చూపించి ఈ బొమ్మను తీసేయండి అన్నాడట. బెంజమిన్ వెస్ట్ 1782లో దీన్ని గీశాడు. క్రామ్‌వెల్ చనిపోయి రాజరికం తిరిగొచ్చాక, 1661లో ఆయన శవాన్ని తవ్వి తీసి తలను వెస్ట్‌మిన్‌స్టర్ హాలు మీద కర్రకు గుచ్చి పెట్టారు. 1899లో అదే హాలు పక్కన ఆయన కంచు విగ్రహం వెలిసింది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బైబిల్, కిందికి చూపు. థార్నీక్రాఫ్ట్ చెక్కిన ఈ విగ్రహానికి ప్రజాధనం ఇవ్వాలన్న ప్రతిపాదన 1895లో సభకు వచ్చినప్పుడు ఐరిష్ సభ్యులు గట్టిగా అడ్డుకున్నారు. 1649 సెప్టెంబర్‌లో ఐర్లండ్ పట్టణం ద్రోహెడాలో క్రామ్‌వెల్ సైన్యం చేసిన ఊచకోత వాళ్లకు చరిత్ర పుస్తకంలో విషయం కాదు, ఇంటి విషయం. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చివరికి మాజీ ప్రధాని రోజ్‌బరీ తన పేరు బయటపెట్టకుండా డబ్బు ఇచ్చాడు. పార్లమెంటును ఖాళీ చేయించినవాడి విగ్రహం పార్లమెంటు ముందే ఉంది, ఐర్లండ్‌లో ఆయన చంపించినవాళ్లు మాత్రం ఆ రాతి పీఠం మీద ఎక్కడా లేరు.

ఈ మొత్తం ధోరణికి ఎదురు నిలిచిన చిత్రం ఒకటి వార్సాలోని రాజకోటలో ఉంది. యాన్ మతేయ్‌కో 1866లో, 28 ఏళ్ల వయసులో, క్రాకోలో గీసిన ‘రేతాన్’. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌లో పెద్ద ముక్కలు కోసుకున్నాయి. ఆ దోపిడీకి చట్టబద్ధత కావాలి కాబట్టి 1773లో పోలండ్ చట్టసభ సెయ్మ్‌ను పిలిపించి ఆమోదముద్ర వేయించారు. చాలామంది సభ్యులు డబ్బుకో భయానికో లొంగారు. తదేవుష్ రేతాన్ అనే సభ్యుడు తలుపుకు అడ్డంగా పడుకుని, వెళ్లాలంటే తన్ను తొక్కుకుంటూ వెళ్లమన్నాడు.

చిత్రంలో కుడివైపు కింద, చొక్కా చించుకుని ఛాతీ చూపిస్తూ నేల మీద ఉన్నది రేతాన్. అతని ఎదురుగా పట్టుబట్టలతో, నగలతో మెరిసిపోతున్న పెద్దలు. సభాధ్యక్షుడు పొనిన్‌స్కీ తలుపు వైపు చేయి చూపిస్తూ దారి విడవమంటున్నాడు. తెరిచిన తలుపులోంచి రష్యన్ సైనికులు కనిపిస్తున్నారు. గోడ మీద రష్యా మహారాణి కేథరిన్ చిత్రం. కుర్చీ తలకిందులైంది, నేల మీద నాణెం పడి ఉంది. రాజు స్తనిస్వాఫ్ ఆగస్ట్ చేతిలో గడియారం పట్టుకుని ఉన్నాడు, ఇదెప్పుడు అయిపోతుందా అన్నట్టు. ఎవరూ ఎవర్నీ కొట్టడం లేదు. రక్తం చుక్క లేదు. అయినా ఇక్కడున్న సెగ తెగిన తల ఉన్న చిత్రాల్లో లేదు. చూసేవాడికి కోపం రావాల్సింది సైనికుల మీద కాదని, కోటుల మీద పతకాలు తగిలించుకుని నిలబడ్డ సొంత సభ్యుల మీదని మతేయ్‌కో తేల్చి చెప్పాడు.

దీనికోసం ఆయన చరిత్రను కొంచెం వంచాడు కూడా. ఆ రోజు అక్కడ లేని పోలిష్ ప్రభువు షెన్‌స్నీ పొతోత్స్‌కీని సభలో నిలబెట్టాడు. అప్పటికే పదవిలో లేని రష్యన్ రాయబారి రెప్నిన్‌ను గ్యాలరీలో కూర్చోబెట్టాడు. ఆ దృష్టితో చూస్తే ఇది ఒక రోజు ఫోటో కాదు, ఒక తరం మీద వేసిన అభియోగపత్రం. అందుకే గొడవైంది. ఆ పెద్దల వారసులు అప్పటికి సమాజంలో మర్యాదస్తులు. దేశమే లేని కాలంలో సొంతవాళ్ల పరువు తీస్తావా అని విమర్శకులు దుమ్మెత్తి పోశారు. 1867లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. దాన్ని కొన్నది ఎవరంటే ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్. పోలండ్‌ను కోసుకున్న మూడు చేతుల్లో ఒకటి ఆయన వంశానిదే. తమ సభ అవమానాన్ని పోలండ్ ప్రజలు తిరిగి సొంతం చేసుకోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి దేశం మళ్లీ పుట్టాల్సి వచ్చింది.

మతేయ్‌కో అలా గీయగలగడానికి ఒక కారణం ఉంది. ఆయన ఏ సభ కోసమూ గీయలేదు. గోడ ఇచ్చేవాడు, డబ్బు ఇచ్చేవాడు లేనప్పుడు మాత్రమే దొరికే స్వేచ్ఛ అది. ఆ స్వేచ్ఛ చౌక అచ్చు బొమ్మలకు కూడా ఉంటుంది. 1856 మే 22న వాషింగ్టన్‌లో, బానిసత్వాన్ని ఎండగడుతూ రెండు రోజులు ప్రసంగించిన సెనేటర్ చార్ల్స్ సమ్నర్ తన బల్ల దగ్గర కూర్చుని ఉండగా, దక్షిణ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ వచ్చి బంగారు పిడి ఉన్న చేతికర్రతో కర్ర విరిగేదాకా కొట్టాడు. బల్ల నేలకు బిగించి ఉండటంతో సమ్నర్ వెంటనే లేవలేకపోయాడు. కోలుకుని పూర్తిగా సభకు రావడానికి సుమారు మూడేళ్లు పట్టింది. బ్రూక్స్‌ను బహిష్కరించడానికి మూడింట రెండొంతుల ఓట్లు పడలేదు. అతను తానే రాజీనామా చేసి, మళ్లీ గెలిచి వచ్చాడు. దక్షిణాది నుంచి అతనికి కొత్త చేతికర్రలు కానుకలుగా వచ్చాయి.

జాన్ మగీ వేసిన లితోగ్రాఫ్ (రాతి మీద గీసి తీసే అచ్చు బొమ్మ) ఆ వార్త వేడి తగ్గకముందే బయటికి వచ్చింది. సమ్నర్ నేల మీద, చేతిలో కలం, ప్రసంగం కాగితాలు. బ్రూక్స్ కర్ర ఎత్తాడు, కానీ ఎత్తిన చెయ్యే అతని ముఖాన్ని కప్పేసింది. వెనక కొందరు సభ్యులు చూసి నవ్వుతున్నారు. కొట్టేవాడికి ముఖం లేకుండా చేయడంతో అతను ఒక మనిషిగా కాక ఒక వ్యవస్థగా కనిపిస్తాడు. నవ్వే ముఖాలను మాత్రం స్పష్టంగా గీశాడు. సభలో హింసకు కొట్టేవాడు ఒక్కడే చాలడు, ఆపకుండా నిలబడేవాళ్లూ కావాలన్న సంగతి ఏ కమిషనూ నియమించని ఈ అచ్చు బొమ్మలోనే ఇంత సూటిగా ఉంది. అయినా ఇందులోనూ ఒక ఖాళీ ఉంది. సెనేటర్ ఉన్నాడు, ఆయన ఎవరి కోసం మాట్లాడాడో ఆ బానిసలు లేరు. ఉత్తరాదిని ఊపేసింది చదువుకున్న తెల్లవాడి తల మీద పడ్డ కర్ర. పొలాల్లో రోజూ పడుతున్న కొరడాకు ఆ స్థాయి కదలిక రాలేదు.

ఈ రోజుల్లో గోడ చిత్రం పని కెమెరా చేస్తోంది. బ్రిటిష్ కామన్స్ సభలోకి టీవీ 1989లో వచ్చింది. సభలో పెద్ద గలభా జరిగితే కెమెరాను సభాధ్యక్షుడి వైపు తిప్పాలన్నది దాని నియమాల్లో ఒకటి. కోప్ గీసిన స్పీకర్ దగ్గరికే చూపు మళ్లీ వెళ్తుంది. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం కాపిటల్‌లోకి గుంపు దూసుకొచ్చినప్పుడు మాత్రం జనం చేతుల్లోని ఫోన్లు, ఫోటోగ్రాఫర్లు ఆ అదుపును దాటేశారు. వాళ్లు తిరిగిన రొటుండా (గుమ్మటం కింది గుండ్రటి హాలు) గోడ మీద జాన్ ట్రంబుల్ చిత్రం ఉంది: 1783లో యుద్ధం గెలిచిన జనరల్ వాషింగ్టన్ సైన్యాధికారాన్ని కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించడం. సభ తన గురించి తాను చెప్పుకున్న కథ, సభకు ఆ రోజు జరుగుతున్నది, రెండూ ఒకే ఫ్రేములో పడ్డాయి.

ఢిల్లీలో చిక్కు ఇంకో రకంది. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ కేంద్ర శాసనసభలో బాంబులు వేసి, కరపత్రాలు చల్లి, అక్కడే పట్టుబడ్డారు. చెవిటివాళ్లకు వినిపించాలంటే గట్టి చప్పుడు కావాలన్నది కరపత్రంలో మొదటి మాట. ఖాళీ బెంచీల వైపు వేసిన ఆ బాంబులకు ఎవరూ చనిపోలేదు. కార్మికుల సమ్మెలను కట్టడి చేసే పారిశ్రామిక వివాదాల బిల్లు, అనుమానితులను అణచడానికి ఉద్దేశించిన ప్రజా భద్రత బిల్లు అప్పుడు సభ ముందున్నాయి. రెండోదాన్ని సభ దాటించలేక వైస్రాయ్ ఆర్డినెన్సుగా తెచ్చాడు. 2008లో అదే పార్లమెంటు ఆవరణలో భగత్ సింగ్ కంచు విగ్రహం పెట్టారు. విగ్రహానికి తలపాగా ఉండాలా, బాంబు వేయడానికి కొన్నాళ్ల ముందు తీయించుకున్న ఫోటోలోలా టోపీ ఉండాలా అన్న దాని మీద వాదన నడిచింది. మనిషికి గౌరవం దక్కింది, అది దక్కాల్సిందే. ఆయన ఎదిరించిన బిల్లులు మాత్రం ఆ గౌరవంలో కలవలేదు. వలస ప్రభుత్వం చట్టం పేరుతో చేస్తున్న హింసకు ఆ చప్పుడు జవాబు అన్న విషయం తలపాగా, టోపీ వాదనలో వినిపించలేదు.

ఓటు హింసను గీయడం నిజంగానే కష్టం. చేయెత్తడంలో నాటకం ఏముంది? జర్మనీలో 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం రైష్‌టాగ్ తగలబడింది. ఆ మంటలను జర్మన్ కళాకారుడు హార్ట్‌ఫీల్డ్ అదే ఏడాది ఫోటోలు అతికించి చేసిన బొమ్మలో వాడుకున్నాడు: వెనక మండుతున్న పార్లమెంటు, ముందు కసాయి రూపంలో నాజీ నాయకుడు గోరింగ్. అంతకన్నా ఘోరమైన విషయం మార్చి 23న నిశ్శబ్దంగా జరిగింది. ఎదురుగా ఉన్న క్రోల్ ఒపెరా హౌస్‌లో, నాజీ గూండాలు వరుసగా నిలబడి ఉండగా, చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి ఇచ్చే చట్టం 444 ఓట్లతో గెలిచింది. వ్యతిరేకంగా పడ్డవి 94, అన్నీ సోషల్ డెమోక్రాట్లవే. కమ్యూనిస్టు సభ్యులను లోపలికే రానివ్వలేదు.

దీనికి రూపం ఇచ్చినవాడు ఫ్రెంచి కళాకారుడు బోల్తాన్‌స్కీ. 1999లో రైష్‌టాగ్ మళ్లీ పార్లమెంటు అయినప్పుడు దాని నేలమాళిగలో తుప్పు రంగు ఇనప పెట్టెలతో రెండు గోడలు పేర్చాడు. 1919 నుంచి 1999 దాకా ప్రజాస్వామ్యబద్ధంగా ఎన్నికైన ప్రతి సభ్యుడికీ ఒక పెట్టె, మీద పేరు, పనిచేసిన ఏళ్లు. మొత్తం 5,000కు దగ్గరగా ఉంటాయి. నాజీలు చంపిన సభ్యుల పెట్టెల మీద నల్ల పట్టీ ఉంటుంది. అదే వరుసల్లో నాజీ సభ్యుల పేర్లూ ఉన్నాయి, వాళ్లూ ఎన్నికై వచ్చినవాళ్లే కాబట్టి. పార్లమెంటు లేని 1933 నుంచి 1945 దాకా ఒకే ఒక నల్ల పెట్టె. భవనం బయట 1992లో పెట్టిన స్మారకం 96 మంది హత్యకు గురైన సభ్యులకు 96 ఇనప పలకలు నిలబెట్టింది. అది అవసరమైన స్మారకం, కానీ అందులో సభ మళ్లీ బాధితురాలే. లోపలి పెట్టెల్లో చంపినవాళ్లు, చచ్చినవాళ్లు, ఓటు వేసి తలుపు తెరిచినవాళ్లు ఒకే గోడకు ఉన్నారు.

ఇలాంటివి ఎంత ఆలస్యంగా వచ్చాయో లెక్క వేసి చూడవచ్చు. రేతాన్ రోజుకు, మతేయ్‌కో చిత్రానికి మధ్య 93 ఏళ్లు. ఆరుగురు సభ్యుల చావుకు, రోనో చిత్రానికి మధ్య 87. 1933 ఓటుకు, బోల్తాన్‌స్కీ పెట్టెలకు మధ్య 66. మరా చనిపోయిన నాలుగు నెలలకే దవీద్ చిత్రం సభలో వేలాడింది.